హోమ్ రన్ డెర్బీ ఎవరు గెలుస్తారు? ఆఫీసు పందెంలో పేరు రాయాలి, సోమవారం మధ్యాహ్నం దాకే టైమ్

కమ్మింగ్ కుర్రోడు
శనివారం, జులై 12, 2025

అందరికీ నమస్కారం. నేను అట్లాంటా వచ్చి రెండేళ్లయింది. బేస్‌బాల్ సగం అర్థమవుతుంది, మిగతా సగం పక్కవాళ్లు చప్పట్లు కొడితే నేనూ కొడతాను. ఈసారి ఆల్ స్టార్ గేమ్ (అన్ని జట్ల మేటి ఆటగాళ్లు ఆడే మ్యాచ్) మా ఊళ్లోనే, ట్రూయిస్ట్ పార్క్‌లో. దాని ముందు రోజు, అంటే ఎల్లుండి సోమవారం రాత్రి హోమ్ రన్ డెర్బీ, బంతిని గాల్లోనే గోడ దాటించే పోటీ, మన సిక్సర్ల పోటీ లాంటిది. మా టీమ్‌లో 24 మందిమి, తలా పది డాలర్లు వేశాం, ఒక ఎక్సెల్ షీట్ తిరుగుతోంది. గెలిచేవాడి పేరు ఒక గడిలో, వాడు మూడు రౌండ్లూ కలిపి ఎన్ని హోమ్ రన్లు కొడతాడో పక్క గడిలో రాయాలి. ఒకే పేరు చాలామంది రాసి అది నిజమైతే, రెండో అంకెకి ఎవరు దగ్గరుంటే వాళ్లకే మొత్తం డబ్బు. ఎవరు రాసిన ఆటగాడు ఎనిమిది మందిలో అట్టడుగున మిగిలితే వాళ్లు బుధవారం అందరికీ డోనట్లు తేవాలి.

ఆడేవాళ్లు వీళ్లు: కాల్ రాలీ (సియాటిల్), జేమ్స్ వుడ్ (వాషింగ్టన్), ఒనీల్ క్రూజ్ (పిట్స్‌బర్గ్), బైరన్ బక్స్టన్ (మిన్నెసోటా), జూనియర్ కామినేరో (టాంపా బే), బ్రెంట్ రూకర్ (అథ్లెటిక్స్), జాజ్ చిషమ్ (యాంకీస్), మాట్ ఓల్సన్ (మన అట్లాంటా బ్రేవ్స్). మొదట మన అకూన్యా ఉన్నాడు, ఆఖర్లో తప్పుకుంటే ఓల్సన్‌ని తీసుకున్నారు. పేరున్న హిట్టర్లు జడ్జ్, ఓటానీ ఇద్దరూ రావట్లేదు.

ఇప్పటికి షీట్‌లో 11 మంది రాలీ, ఆరుగురు ఓల్సన్, ముగ్గురు క్రూజ్. వుడ్‌కి ఒకరు, బక్స్టన్‌కి ఒకరు, జాజ్‌కి మా మేనేజర్ ఒక్కడే. ఇంక నేనే మిగిలాను. సీజన్‌లో ఎక్కువ సిక్సర్లు కొట్టినవాడే సిక్సర్ల పోటీలోనూ గెలవాలి కదా అంటుంది నా క్రికెట్ బుర్ర. రాలీ ఇప్పటికే 38 కొట్టాడు, లీగ్ మొత్తం మీద అతనే ముందు. మరి అంత సులువైతే ఇంతమంది ఇంత టెన్షన్ ఎందుకు పడుతున్నారు? ఊరికే పేరు చెప్పి వదిలేయకండి, ఎలా ఆలోచించాలో చెప్పండి.


సియాటిల్ శీను
శనివారం

తమ్ముడూ, నేను పదేళ్లుగా రాలీ జట్టు మారినర్స్ అభిమానిని, కాబట్టి రాలీ గురించి నేనేం చెప్పినా సగానికి తగ్గించి తీసుకో. కానీ "సీజన్‌లో ఎక్కువ కొట్టినవాడే" అన్న లెక్క మాత్రం ముందు తీసి పక్కన పెట్టు.

మ్యాచ్‌లో పిచర్ (మన బౌలర్ లాంటివాడు) నిన్ను మోసం చెయ్యడానికి వేస్తాడు. డెర్బీలో నీ మనిషే, నువ్వు కోరిన చోట, కోరిన ఎత్తులో, మెల్లగా వేస్తాడు. నెట్స్‌లో త్రోడౌన్లు తీసుకున్నట్టు. ఏ బంతి వదలాలి, ఏది ఆడాలి అన్న తెలివి, 95 మైళ్ల వేగాన్ని తట్టుకునే చూపు, సీజన్‌లో వాడికి డబ్బు తెచ్చిపెట్టేవన్నీ ఇక్కడ దండగ. కావలసింది మూడే: ఒకే ఊపుని అలసిపోకుండా మళ్లీ మళ్లీ ఊపడం, ప్రతి బంతినీ గాల్లోకి లేపడం, బంతి వేసే మనిషితో తాళం కుదరడం.

రూల్స్ గుర్తుపెట్టుకో, పోయిన ఏడాది నుంచి మారాయి. మొదటి రౌండులో ఎనిమిది మందీ ఆడతారు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు లేదా 40 బంతులు, ఏది ముందు అయిపోతే అది. లెక్కేస్తే బంతికి నాలుగున్నర సెకన్లు, ఊపిరి తీసుకునే టైమ్ కూడా ఉండదు. మధ్యలో ఒక్కసారి విరామం అడగొచ్చు. తర్వాత బోనస్, అందులో హోమ్ రన్ కాని ప్రతి ఊపూ ఒక ఔట్, మూడు ఔట్లయితే అయిపోయినట్టు. బోనస్‌లో ఒక్క బంతైనా 425 అడుగులు దాటితే ఇంకో ఔట్ ఎక్కువ ఇస్తారు. పైనున్న నలుగురు సెమీస్‌కి. సమానమైతే ఎవరి బంతి ఎక్కువ దూరం పోయిందో చూస్తారు. సెమీస్, ఫైనల్ మాత్రం ఒకరితో ఒకరు, రెండు నిమిషాలు, 27 బంతులు.

ఇంక చరిత్ర చూడు. 2021లో డెన్వర్‌లో ఓటానీ 33 హోమ్ రన్లతో లీగ్‌లో అందరికంటే ముందుండి వచ్చాడు, ఊరూవాడా వాడి పేరే. మొదటి రౌండులోనే సోటో చేతిలో 31-28తో పోయాడు, అదీ టై అయ్యి టై అయ్యి. గెలిచింది పీట్ అలోన్సో. 2022లో మొదటి సీడ్ ష్వార్బర్, వాణ్ని 42 ఏళ్ల పుజోల్స్ 20-19తో ఇంటికి పంపాడు. లేదు లేదు, అప్పుడప్పుడు ముందున్నవాడే గెలుస్తాడు, 2017లో జడ్జ్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ కొట్టి వచ్చి డెర్బీ కూడా పట్టుకుపోయాడు. కానీ దాన్ని నమ్ముకుని పేరు రాయకు.

నేను మొదట చూసేది బంతి ఎవరు వేస్తున్నారని. హార్పర్ 2018లో గెలిచినప్పుడు వేసింది వాళ్ల నాన్న. 2011లో కనోకి కూడా వాళ్ల నాన్నే. 2023లో గెరేరో జూనియర్‌కి వాళ్ల టీమ్ మేనేజర్ ష్నైడర్ వేశాడు. రాలీకి ఈసారి వాళ్ల నాన్న టాడ్ వేస్తున్నాడు, పాత కాలేజీ కోచ్. వెనక కీపింగ్‌కి పదిహేనేళ్ల తమ్ముడు. చిన్నప్పట్నుంచి వీడికి రెండు చేతుల వాటం నేర్పిందే ఆ నాన్న, కొడుక్కి బంతి ఎక్కడ పడాలో ఆయనకంటే ఎవరికి తెలుస్తుంది?

భయం ఒక్కటే. వీడు క్యాచర్, మన వికెట్ కీపర్ లాంటివాడు. 1985లో ఈ పోటీ మొదలైనప్పట్నుంచి ఒక్క క్యాచర్ కూడా గెలవలేదు. 2005లో ఇవాన్ రోడ్రిగెజ్ ఫైనల్ దాకా వచ్చి ఓడాడు. రోజూ గంటల తరబడి మోకాళ్లు ముడుచుకుని కూర్చునేవాడికి జులై వచ్చేసరికి కాళ్లలో ఏం మిగులుతుంది?


ఏలూరు ఎక్స్‌ప్రెస్
శనివారం

శీను అన్న వ్యాసం బాగుంది కానీ ఇదంతా లాటరీ అండి. కొత్త పద్ధతి పెట్టిన 2015 నుంచి పోయిన ఏడాది దాకా తొమ్మిది డెర్బీలు జరిగాయి (2020లో కోవిడ్). ఫైనల్ స్కోర్లు చూడండి: 15-14, 20-13, 11-10, 19-18, 23-22, 23-22, 19-18, 25-23, 14-13. తొమ్మిదింట ఏడు ఒక్క హోమ్ రన్ తేడాతో తేలాయి. ఒక్క హోమ్ రన్ అంటే గాలి వీస్తే అటు, ఆగితే ఇటు. ఎనిమిది చీటీలు రాసి మీ పాప చేత ఒకటి తీయించండి.


డాలస్ దుర్గ
శనివారం రాత్రి

ఏలూరు గారూ, ఆ లెక్కలో ఒక తిరకాసు ఉంది, అందరూ అక్కడే బోల్తా పడతారు. తర్వాత ఆడేవాడు ముందు ఆడినవాడి స్కోరు దాటగానే ఆట ఆగిపోతుంది. ఛేజింగ్‌లో లక్ష్యం దాటాక ఇంక ఓవర్లు ఆడించరు కదా, ఇదీ అంతే. కాబట్టి తర్వాత ఆడినవాడు గెలిస్తే తేడా ఎప్పుడూ ఒకటే కనిపిస్తుంది, చేతిలో ఇంకా నిమిషం మిగిలున్నా సరే. మీ జాబితాలో 2015, 2017, 2018, 2019, 2021, 2022 ఆరూ అలాంటివే, గెలిచింది తర్వాత ఆడినవాడే. "ఒక్క పరుగు ఎక్కువతో గెలిచారు" అని చెప్పి ఎన్ని వికెట్లు మిగిలాయో చెప్పకపోతే ఎలా ఉంటుందో, ఆ స్కోర్లు అలా ఉన్నాయి.

నిజంగా ఒక్కటి తేడాతో తేలింది పోయిన ఏడాది ఫైనలే. అది నేను స్టాండ్స్‌లో కూర్చుని చూశాను, ఆర్లింగ్టన్‌లో, మాకు గంట దారి. టెయోస్కర్ హెర్నాండెజ్ ముందు ఆడి 14 కొట్టాడు. బాబీ విట్ కుర్రాడు ఈ చుట్టుపక్కలే పెరిగినవాడు, జనమంతా వాడి వైపే. 13 దగ్గర ఆఖరి ఔట్ మిగిలింది, కొట్టాడు, బంతి లేచింది, మేమంతా లేచాం, వెళ్లి గోడకి తగిలింది. మా ఆయన చేతిలో నాచోలు నా ఒళ్లో పడ్డాయి.

స్టాండ్స్‌లో కూర్చుంటే టీవీలో కనిపించనిది ఒకటి తెలుస్తుంది. టీవీ వాళ్లు బంతి వెనకే పరుగెత్తుతారు. నేను మాత్రం బ్యాటర్ భుజాలు చూస్తూ కూర్చున్నా. మొదటి నిమిషం అందరూ బాగానే ఉంటారు. రెండో నిమిషం మధ్యలో ఎక్కడో ఊపు పొట్టిదవుతుంది, బంతి గాల్లోకి లేవకుండా నేలబారుగా పోవడం మొదలవుతుంది. అప్పుడు విరామం అడిగినవాడు బాగుపడతాడు, మొండిగా కొట్టుకుంటూ పోయేవాడు గోడ ముందు క్యాచ్‌లు ఇస్తాడు. అలోన్సో లాంటి రెండుసార్లు గెలిచినవాడే పోయిన ఏడాది మొదటి రౌండు దాటలేదు. కొత్త రూల్ వచ్చాక బంతులు లెక్కగా ఉంటాయి కాబట్టి గబగబా ఊపడం కంటే వృథా చేయకపోవడం ముఖ్యం. చెత్త బంతి పడితే వదిలెయ్యొచ్చు, కానీ అదీ 40లో లెక్కే. అందుకే శీను గారు చెప్పిన "బంతి వేసే మనిషి" మాట ఇప్పుడు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.


కూకట్‌పల్లి 9వ ఫేజ్
ఆదివారం

అడుగులు అడుగులు అంటున్నారు, మీటర్లలో చెప్పండి సార్. మనకి ఐపీఎల్‌లో వంద మీటర్ల సిక్సర్ అంటే పండగ. 425 అడుగులంటే ఎంత?


డాలస్ దుర్గ
ఆదివారం

దాదాపు 130 మీటర్లు. ఈ ఎనిమిది మందికీ అది పెద్ద విషయం కాదు. కానీ పోల్చకండి, బ్యాట్ వేరు, బంతి వేరు, పిచ్ మీద పడి లేచే బంతి వేరు.


కమ్మింగ్ కుర్రోడు
ఆదివారం

అందరికీ థాంక్స్. దుర్గక్కా, ఆ ఛేజింగ్ పోలికతో ఒక్క దెబ్బకి అర్థమైంది. ఇంకో అనుమానం. మా దగ్గర ఆరుగురు ఓల్సన్ రాశారు, సొంత గ్రౌండ్ అని. పైగా ఎడమచేతి వాటం, ట్రూయిస్ట్ పార్క్‌లో కుడివైపు గోడ దగ్గర అంటున్నారు. అది పనిచేస్తుందా?


మారియెట్టా మామయ్య
ఆదివారం

బాబూ, నేను ఆ గ్రౌండ్‌కి కూతవేటు దూరంలో ఉంటాను, ఏడాదికి పది ఆటలైనా చూస్తాను. అవును, కుడివైపు మూల 325 అడుగులే, ఎడమవైపు మూల 335. మధ్యలో కుడివైపు 375, ఎడమవైపు 385. ఎడమచేతి వాటం వాడు బంతిని లాగి కొడితే కుడివైపుకే పోతుంది కాబట్టి పదడుగుల లాభం ఉంది. కానీ డెర్బీలో పది అడుగులతో ఏమొస్తుంది? వీళ్లు కొట్టేవి గోడ దాటి చాలా లోపలికి పడతాయి. ఓల్సన్ ఒక్కడే కాదు, క్రూజ్, వుడ్, జాజ్ కూడా ఎడమచేతి వాటాలే, రాలీ రెండు వాటాలు. లాభం ఉంటే ఐదుగురికీ ఉన్నట్టు. అందులో వుడ్ ఎదురు వైపుకి కొట్టడం ఇష్టపడే మనిషి, వాడికి ఆ దగ్గరి గోడ పనికిరాదు.

జులైలో ఈ ఉక్కపోతకి బంతి ముందుకి పోదు అని మా వీధిలో ఒకాయన రోజూ చెప్తాడు. తప్పు. తేమ గాలి పొడి గాలికంటే కాస్త తేలిక, వేడి గాలి పలచన. పైగా అట్లాంటా సముద్రమట్టానికి వెయ్యి అడుగుల ఎత్తున ఉంది. డెన్వర్ మైలు ఎత్తుతో పోల్చలేం కానీ ఇక్కడ బంతికి ఆ మాత్రం సాయం ఉంటుంది. అలసిపోయేది బంతి కాదు, మనిషి. మూడు రౌండ్లు ఆడేవాడికి ఆ చెమట లెక్కే.

సొంత ఊరి సంగతి. సొంత గ్రౌండ్‌లో గెలిచినవాళ్లు ఇప్పటిదాకా ముగ్గురే: 1990లో చికాగోలో శాండ్‌బర్గ్, 2015లో సిన్సినాటిలో ఫ్రేజియర్, 2018లో వాషింగ్టన్‌లో హార్పర్. ఓడినవాళ్లూ గట్టివాళ్లే. 2017లో స్టాంటన్ ముందు ఏడాది విజేత, మయామీలో వాళ్ల సొంత గ్రౌండ్, మొదటి రౌండులోనే గ్యారీ సాంచెజ్ చేతిలో పోయాడు. 2023లో శీను గారి హులియో రోడ్రిగెజ్ సియాటిల్‌లో మొదటి రౌండులో 41 కొట్టి రికార్డు పెట్టాడు, ఊరు ఊరంతా ఊగిపోయింది, సెమీస్‌లో 21-20తో ఔట్. జనం అరుస్తుంటే మనిషికి ఆగాలనిపించదు, ఉన్న బలమంతా మొదటి రౌండులోనే పెట్టేస్తాడు.

ఓల్సన్ ఇక్కడి పిల్లాడే, లిల్‌బర్న్‌లో పెరిగాడు, పార్క్‌వ్యూ హైస్కూల్. మంచివాడు. నేను వెళ్లి వాడి కోసం గొంతు చించుకుంటాను కూడా. కానీ 2021లో ఆడితే మొదటి రౌండులో మాన్సీనీ చేతిలో 24-23తో ఓడాడు. అభిమానం వేరు, పది డాలర్లు వేరు.


సియాటిల్ శీను
ఆదివారం

హులియో మాట గుర్తు చేయకండి మామయ్యా, ఆ రాత్రి నేను గ్రౌండ్‌లో ఉన్నా. 41 చూసి ఇంటికి ఫోన్ చేసి "మనదే" అని చెప్పేశా.


పాత లెక్కలు
ఆదివారం రాత్రి

ఇంతసేపూ అందరూ "ఎవరు గెలుస్తారు" అని మాట్లాడుతున్నారు. నీ ప్రశ్న అది కాదు. నీ ప్రశ్న "ఏ పేరు రాస్తే నాకు డబ్బు వస్తుంది" అని. రెండూ ఒకటి కాదు.

నీ షీట్‌నే తీసుకో. రాలీ గెలిచే అవకాశం నాలుగింట ఒకటి అనుకుందాం, ఊరికే ఉదాహరణకి. నువ్వూ రాలీ రాస్తే ఆ పేరుకి 12 మంది అవుతారు. రాలీ గెలవాలి, ఆపైన ఆ పన్నెండు మందిలో రెండో అంకె నీదే దగ్గరవ్వాలి. నాలుగింట ఒకటి, అందులో పన్నెండింట ఒకటి, అంటే 48లో ఒక వంతు. మొత్తం 240 డాలర్లలో 48వ వంతు ఐదు డాలర్లు. పది పెట్టి ఐదు కొనుక్కున్నట్టు.

ఇప్పుడు కామినేరో. ఒక్కడూ రాయలేదన్నావు. వాడి అవకాశం పదింట ఒకటే అనుకో. గెలిస్తే 240 మొత్తం నీదే, రెండో అంకెతో పనే లేదు. పదో వంతు 24 డాలర్లు. రూకర్‌ని కూడా ఎవరూ రాయలేదు, వాడికి పన్నెండింట ఒకటి ఇచ్చినా ఇరవై డాలర్ల విలువ. ఓల్సన్ అన్నిటికంటే ఘోరం, అవకాశమూ తక్కువే, రాసినవాళ్లూ ఆరుగురు.

కాబట్టి వందలో ఎక్కువసార్లు ఎవరు గెలుస్తారంటే నేనూ రాలీ, క్రూజ్ పేర్లే చెప్తా. కానీ షీట్‌లో రాయమంటే మాత్రం కామినేరో. ఊరికే ఎవరూ రాయలేదనే కాదు, బ్యాట్ వేగంలో క్రూజ్, వీడు లీగ్‌లో ముందు వరుసలో ఉన్నారు. మొన్ననే 22 నిండాయి, అలసట తెలీని వయసు. క్రూజ్ బలం గురించి చెప్పక్కర్లేదు, మే నెలలో 122.9 మైళ్ల వేగంతో ఒక హోమ్ రన్ కొట్టాడు, ఈ వేగాలు కొలవడం మొదలయ్యాక అంత గట్టిగా ఎవరూ కొట్టలేదు. కానీ డెర్బీలో దూరానికి మార్కులు లేవు. 380 అడుగులు పోయినా ఒకటే, 500 పోయినా ఒకటే.

రెండో గడిలో పాత అంకెలు చూసి 70 రాయకు. 2021లో అలోన్సో 74, 2023లో గెరేరో 72 కొట్టారు, కానీ అప్పుడు బంతులకి పరిమితి లేదు. కొత్త రూల్‌తో పోయిన ఏడాది టెయోస్కర్ గెలిచింది 49తో. యాభైకి అటూ ఇటూ రాయి.


ఏలూరు ఎక్స్‌ప్రెస్
ఆదివారం రాత్రి

దుర్గ గారి తిరకాసు ఒప్పుకున్నా. కానీ పాత లెక్కలు గారు చెప్పినదీ మా చీటీల పద్ధతే కదండీ, కాస్త గుణకారం కలిపారంతే.


కూకట్‌పల్లి 9వ ఫేజ్
సోమవారం

ఒక్క డౌట్. డెర్బీ ఆడినవాడు తర్వాత సీజన్‌లో ఫామ్ పోగొట్టుకుంటాడని, శాపం ఉందని ఎక్కడో చదివాను. నిజమా?


సియాటిల్ శీను
సోమవారం

పొద్దున్నే నోటి నుంచి మంచి మాట రాదా నీకు?

ఆ కథకి మూలం 2005లో బాబీ అబ్రేయు. డెట్రాయిట్‌లో మొదటి రౌండులో 24, మొత్తం 41 కొట్టి గెలిచాడు. అప్పటిదాకా సీజన్‌లో 18 కొట్టినవాడు ఆ తర్వాత మిగిలిన సగంలో ఆరే కొట్టాడు. దాంతో ఊపు పాడైపోయిందని మొదలుపెట్టారు. నా మాట ఏంటంటే, డెర్బీకి పిలిచేదే మొదటి సగంలో తన స్థాయికి మించి కొట్టినవాళ్లని. వాళ్లు రెండో సగంలో మామూలు మనుషులవుతారు, డెర్బీ ఆడినా ఆడకపోయినా. అయినా సరే, రాలీ 38 దగ్గర ఉన్నాడు, క్యాచర్లలో సాల్వడార్ పెరెజ్ 2021లో కొట్టిన 48 రికార్డు కళ్ల ముందు కనిపిస్తోంది, ఈ టైమ్‌లో నువ్వు శాపం అంటే నాకు నిద్ర పట్టదు.


కమ్మింగ్ కుర్రోడు
సోమవారం మధ్యాహ్నం

రాసేశాను. కామినేరో, 48. మేనేజర్ చూసి "ఎవరీ అబ్బాయి" అన్నాడు. జాజ్ రాసిన మనిషి అడగాల్సిన ప్రశ్న కాదు అది. రాత్రికి మా ఇంట్లో నలుగురం కలిసి చూస్తున్నాం, పునుగులు రెడీ.


సియాటిల్ శీను
మంగళవారం, జులై 15

అంగుళం!!! అంగుళం కూడా కాదు!!!

చూడనివాళ్ల కోసం. మొదటి రౌండులో మావాడు 17, రూకర్ 17. నాలుగో స్థానానికి టై. ముందు తెరమీద ఇద్దరిదీ ఒకటే దూరం కనిపించి ఎవరికీ ఏం అర్థం కాలేదు, తర్వాత దశాంశాలు తీశారు. రాలీ 470.62 అడుగులు, రూకర్ 470.54. తేడా 0.08 అడుగు. ఆ అంగుళంలోపు తేడాతో బతికి బయటపడ్డవాడు సెమీస్‌లో క్రూజ్‌ని 19-13తో, ఫైనల్లో కామినేరోని 18-15తో కొట్టాడు. క్యాచర్ గెలవడం ఇదే మొదలు. మొదటి రౌండులో ముందు ఎడమచేత్తో ఆడి, తర్వాత కుడిచేతికి మారాడు. వాళ్ల నాన్న బంతి వేస్తుంటే, తమ్ముడు వెనక కూర్చుని ఎగురుతుంటే, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇందులో సిగ్గేం లేదు.


డాలస్ దుర్గ
మంగళవారం

క్రూజ్ మొదటి రౌండులో ఒకటి 513 అడుగులు కొట్టాడు, కూకట్‌పల్లి గారూ, మీటర్లలో 156. అయినా దాని విలువ ఒకటే, పాత లెక్కలు గారు చెప్పినట్టే. చిత్రం ఏంటంటే ఆ దూరం ఒక పనికొచ్చింది. క్రూజ్, కామినేరో ఇద్దరూ 21 కొడితే, ఎక్కువ దూరం కొట్టాడని క్రూజ్‌కి మొదటి స్థానం ఇచ్చారు. మొదటి స్థానం వస్తే ఏం దొరికింది? నాలుగో స్థానంలో ఉన్న రాలీ! కామినేరోకి బక్స్టన్ దొరికాడు, అది 8-7తో దాటేశాడు. ఇంకాస్త తక్కువ కొట్టుంటే క్రూజ్ ఫైనల్‌కి వెళ్లేవాడేమో.


మారియెట్టా మామయ్య
మంగళవారం

గొంతు పోయింది. ఓల్సన్ 15, వుడ్ 16, ఇద్దరూ మొదటి రౌండులోనే. అయినా బాగా జరిగింది.


కమ్మింగ్ కుర్రోడు
మంగళవారం

ఫైనల్లో రాలీ తర్వాత కామినేరో ఆడుతుంటే ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. 18 దాటితే 240 నావి. 15 దగ్గర ఆగిపోయాడు. పాత లెక్కలు అన్నా, నీ సలహా మీద నాకేం కోపం లేదు, ఆ రెండు నిమిషాల కోసం పది డాలర్లు ఇవ్వొచ్చు.

డబ్బు ఎవరికి పోయిందో చెప్తా. హెచ్‌ఆర్‌లో ఒకావిడ. జీవితంలో ఒక్క బేస్‌బాల్ ఆట చూడలేదు. రాలీని ఎందుకు రాశావంటే వాడి ముద్దుపేరు "బిగ్ డంపర్" అని విని నవ్వొచ్చిందట (అంటే ఏంటో తెలుగులో ఇక్కడ రాయను, వాడి వెనక భాగం చూస్తే మీకే తెలుస్తుంది). రాలీ మొత్తం 17, 19, 18 కలిపి 54. ఆవిడ రాసింది 55. అది ఎలా అనిపించిందంటే, రోజూ ఆఫీసుకి వచ్చే దారిలో స్పీడ్ లిమిట్ అదే కదా అంది.

జాజ్ మూడంటే మూడు కొట్టాడు. రేపు మేనేజర్ డోనట్లు తెస్తున్నాడు.


పాత లెక్కలు
బుధవారం, జులై 16

నిన్న రాత్రి అసలు ఆల్ స్టార్ గేమ్ ఎవరైనా చూశారా? 6-6 టై అయ్యి, ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ లేకుండా చిన్న హోమ్ రన్ పోటీ పెట్టారు, ఒక్కో జట్టుకి ముగ్గురు, మనిషికి మూడు ఊపులు. డెర్బీకి రాని ష్వార్బర్ మూడుకి మూడూ కొట్టి తన జట్టు నేషనల్ లీగ్‌ని 4-3తో గెలిపించాడు. అదే 2022లో పుజోల్స్ చేతిలో ఓడిన ష్వార్బర్. ఆ ఓడిన జట్టు మూడింట్లో రెండు ఎవరు కొట్టారో తెలుసా, అంగుళంతో పోయిన రూకర్. మూడు ఊపుల పోటీ అయితే నా లెక్కలు కూడా పనికిరావు, ఏలూరు గారి చీటీలే.


కమ్మింగ్ కుర్రోడు
బుధవారం

చూశాను. పొద్దున డోనట్లు తింటుంటే మేనేజర్, దీనికీ ముందే ఒక గడి పెట్టాల్సిందని అన్నాడు.


సియాటిల్ శీను
సెప్టెంబర్ 25, 2025

పాత టాపిక్ తవ్వుతున్నా, తిట్టుకోకండి. రాలీ నిన్న రాత్రి రెండు కొట్టాడు. మొత్తం 60. పెరెజ్ 48 ఎప్పుడో దాటేశాడు, మేం డివిజన్ కూడా గెలిచాం. శాపం అని అడిగిన కూకట్‌పల్లి ఎక్కడున్నాడు?


కూకట్‌పల్లి 9వ ఫేజ్
సెప్టెంబర్ 25

ఇక్కడే ఉన్నా అన్నా. ఆసియా కప్ నడుస్తోంది, అది అయ్యాక వచ్చి క్షమాపణ చెప్తా.